కంప్యూటర్ల లేని మేస్త్రి

మొన్న నాంపల్లిల ఏమైందో నేనే చెప్త, వినుండ్రి. నేను చెప్పకుంటే వెల్డింగ్ యాదగిరి చెప్తడు. వాడు చెప్తే ఇంకో నాలుగు కలిపి చెప్తడు!

నా పని మీకెర్కనే. అబిడ్స్‌ల దుకాణాల షట్టర్లకు పైన స్ప్రింగులుంటయ్ గదా, వాటి బిగువు సరిచేసుడు. నా చెయ్యి పడ్డ షట్టర్‌ని ఒక్క వేలుతోని లేపొచ్చు. జర ఎక్కువ బిగిస్తే పైకెగిరి గుద్దుకుంటది, తక్కువైతే నెత్తి మీద పడ్తది. గీ పని యాదగిరికి రాదు. వానికి అతికిచ్చుడే వస్తది. ఎన్కట ఒక బట్టల సేటు ముందట నన్ను చూపిచ్చి, "గీ అన్న గ్రీజు పెడ్తడు" అన్నడు. గ్రీజు! గప్పటి సంది మాటల్లేవ్.

పనిల దెబ్బ తగిలితే బీమా వస్తది, కార్మికుల కార్డు తీస్కో అన్నరు. ఇస్త్రీ బట్టలేస్కొని నాంపల్లి ఆఫీసుకు పోయిన. కంప్యూటర్ కాడ ఒక పిల్ల కూసున్నది.

"తాతా, ఏం పని చేస్తవ్?"

"షట్టర్ స్ప్రింగ్ మేస్త్రిని."

కిందికి మీదికి ఎతికింది. "ఇండ్ల లేదు తాతా. వెల్డర్ అని పెట్టాల్నా?"

"తిట్టు బిడ్డా, పడ్త. గా మాట మాత్రం అనకు!"

"తాళాలు బాగుచేసేటాయన?"

"తాళం కింద ఉంటది. నా పని పైన ఉంటది."

"పోనీ, ఇతరులు?"

"ఇతరులా! అబిడ్స్‌ల ఎవర్నన్న అడుగు నేనెవర్నో!"

ఎనుక లైన్లకెల్లి లొల్లి: "జల్ది కానియ్ పెద్దాయనా, ఆకలైతుంది!"

నాకు రేషం లేసింది. గప్పుడే ఆఫీసు షట్టర్ కనవడ్డది. సగం దాక వచ్చి వంకరగ ఆగింది. "చూడు బిడ్డా, దీన్ని ఏ వెల్డర్ సరిచేస్తడో!" అని స్టూల్ ఎక్కిన. "వద్దు తాతా!" అని ఆ పిల్ల మొత్తుకుంటనే ఉన్నది. ఇస్త్రీ బట్టలల్ల వచ్చిన, పని సామాన్లు తేలే గదా, ఎవరిదో గొడుగు గుంజుకొని దాని కడ్డీ పెట్టి స్ప్రింగ్ ఇప్పిన. కడ్డీ వంగింది. స్ప్రింగ్ గిర్రున తిరిగింది. షట్టర్ ధడేల్!

అందరం లోపలనే. నలుగురం పట్టి గుంజినం, జరంత కూడ కదల్లే. ఆ పిల్ల ఎవరికో ఫోన్ కొట్టింది, "దగ్గర్ల వెల్డర్ ఎవరన్న ఉంటే తోలుండ్రి" అని. వాడొక్కడు కాకుంటే చాలు దేవుడా అనుకున్న.

జర సేపటికి బయట గొంతు ఇనవడ్డది. వాడే!

"లోపల ఎవరున్నరు?"

"షట్టర్ మేస్త్రి ఉన్నడు!" అని లైన్లోళ్లందరు ఒక్కసారే ఒర్లిన్రు.

వాడు మెల్లగ అడిగిండు: "మేస్త్రి లోపలుంటే నన్నెందుకు పిలిచిన్రు?"

జాకీ పెట్టి మూరెడు లేపిండు. అందరు పాక్కుంట బయట పడ్డరు. నేను పండుకొని రానని మొండికేసిన. లోపల ఒక్కన్నే మిగిలే సరికి పండుకొనే వచ్చిన. బయట మొట్టమొదలు కనవడ్డయి వాని చెప్పులు.

"అన్నా, స్ప్రింగ్ నువ్వే చూడు, నాతోని కాదు" అని వాడే రాడ్డు చేతికిచ్చిండు. నేను పైన బిగిస్తుంటే, వాడు కింద, పడ్డప్పుడు ఇరిగిన షట్టర్ పట్టీ అతికిచ్చిండు. షట్టర్ ఒక్క వేలుతోని లేసింది! నేను ఛాతీ ఇరుసుకొని నిలబడ్డ.

ఆ పిల్ల చూసి చూసి లోపల కంప్యూటర్ కాడికి ఉరికింది. "తాతా, దొరికింది! కంప్యూటర్ల ఉన్నది!"

"ఏం దొరికింది బిడ్డా?"

"వెల్డర్ హెల్పర్!"

లైన్ మొత్తం చప్పట్లు కొట్టింది. నా వల్ల అందరి బువ్వ చల్లారింది, ఏ మొఖం పెట్టుకొని కాదంట? నోరు మూసుకొని మిషన్ మీద వేలు పెట్టిన.

నిన్న పొద్దుగాల చాయ్ తాగుతుంటే యాదగిరి బండి ఆపిండు. "ఏందన్నా, ఇంక డ్యూటీకి రాలే?" అన్నడు.

కొడ్దామని లేసిన. ఏం జేద్దు, సర్కారు లెక్కల వాడు నా సారు!