ఆమె నేసిన పట్టీ

తిరువళ్లూరులో నేనెక్కిన లోకల్ తిరుత్తణిలో ఆగింది. బండి అక్కడిదాకే. ఎదురు సీట్లో ఉన్న నడివయసు ఆవిడ ఒక కాలికి ఊతంగా తొడిగిన ఇనుప క్యాలిపర్ ఉంది. ఆమె లేవబోతుంటే చప్పున చంక కింద చెయ్యి వేసి లేపేశాను.

నిలబడ్డ మనిషి మళ్లీ కూర్చుంది.

"ఉండండన్నా, నేనే లేస్తా," అంటూ సంచిలోంచి ముడులు వేసిన వెడల్పాటి నూలు పట్టీ తీసి, సీటు పక్కనున్న కమ్మీకి చుట్టింది.

"మగ్గం కింద కాళ్లు దింపి కూర్చునే గుంతలోంచి పైకొచ్చేదానికి నేనే నేసుకున్నా. ఇంట్లో దూలానికి కట్టింటా. యాడికి పోయినా ఇదీ నాతో వస్తాది."

"ఇక్కడ నేనున్నాను కదమ్మా."

"ఈడ మీరుండారు. రేపు గుంతలో ఎవురుంటారన్నా?"

ఒక్కో ముడీ పట్టుకుంటూ మెల్లగా లేచింది. మోకాలి దగ్గర క్యాలిపర్ లాక్ టక్కున పడింది. పట్టీ విప్పి సంచిలో పెట్టుకొని నాకంటే ముందే దిగిపోయింది.

ఇప్పుడు మా ఇంట్లో అమ్మ కుర్చీ పక్కన, కిటికీ ఊచకు అలాంటి పట్టీ ఒకటి వేలాడుతోంది. అమ్మ దాన్ని పట్టుకొని లేస్తున్నంతసేపూ నేను చేతులు వెనక్కి కట్టుకొని నిలబడతాను. గట్టిగానే కట్టుకోవాల్సి వస్తుంది.