మంచు మీద పెదనాన్న

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నేను ఒక్కచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. ఆఫీసుకు బయల్దేరి, పొయ్యి ఆర్పానో లేదో అని సగం దారిలోంచి వెనక్కి వచ్చేదాన్ని (సన్నీవేల్‌లో ఆ అపార్ట్‌మెంట్ పొయ్యి మీద నేను కాఫీ తప్ప ఏదీ కాచిన గుర్తు లేదు). జరగని ప్రమాదాలకు ముందే కంగారుపడి పెట్టుకుంటే, జరిగినప్పుడు పని తేలికవుతుందని నా లెక్క. అలాంటి నా చేతిలో మా పెద్దమ్మ తన భర్తను పెట్టింది.

పెదనాన్న అల్ఫారెట్టాలో స్థిరపడిన ఎముకల డాక్టరు. రిటైరయ్యారు, డెబ్బై దాటాయి. ఉన్నట్టుండి ఆయనకు అలాస్కా వెళ్ళి గ్లేసియర్ మీద నడవాలని బుద్ధి పుట్టింది. పొద్దున రైల్లో కొండల మధ్యనుంచి తీసుకెళ్ళి, గైడ్‌తో మంచు మీద నడిపించి, సాయంత్రం మళ్ళీ రైలెక్కించే ఒకరోజు టూరు. పెద్దమ్మకేమో మోకాళ్ళ నొప్పులు, పైగా ఆ వారం వాళ్ళ తెలుగు చర్చిలో పాటల ప్రాక్టీసు. "నువ్వు వెళ్ళవే తల్లీ. ఎలా తీసుకెళ్ళావో అలాగే తీసుకురా. ఒక్క ఎముక కూడా తేడా రాకూడదు. నేను ప్రార్థన చేస్తూనే ఉంటాను" అంది ఫోన్లో. ఆ ప్రార్థన మాట విన్నాక నా భయం రెట్టింపయింది.

రైలు కదిలింది. ఒక పక్క సముద్రపు పాయ, ఇంకో పక్క నెత్తిన మంచుతో కొండలు. పెదనాన్న కిటికీ అద్దానికి ముక్కు ఆనించి కూర్చున్నారు. నేను మాత్రం ఆయన బ్యాగు విప్పి సర్దడం, సర్దింది విప్పడం.

"పెదనాన్నా, గ్లవ్స్ వేసుకోండి."

"రైల్లోనా?"

"అలవాటవుతాయి."

ఆయన బుద్ధిగా వేసుకుని, ఆ చేతులతో చిప్స్ పాకెట్ చింపలేక నాకే ఇచ్చారు. ఇంతలో నా ఫోన్లో సిగ్నల్ పోయింది. లేచి వెళ్ళి, నడుము దాకా జడ వేసుకున్న గైడ్ అమ్మాయిని అడిగాను, హాస్పిటల్ ఎంత దూరమని. "దగ్గర్లో ఏదీ లేదు" అంది, అదేదో శుభవార్త అయినట్టు నవ్వుతూ. "మనం దిగే చోటికి రోడ్డు కూడా లేదు. సాయంత్రం ఈ రైలే దిక్కు."

దిగాక రాళ్ళ మీద నడిచి నడిచి మంచు అంచుకు చేరాం. జడమ్మాయి అందరికీ హెల్మెట్లు, బూట్ల కింద కట్టుకునే ఇనుప ముళ్ళ పట్టీలు ఇచ్చింది. "కాళ్ళు ఎడంగా పెట్టి, పాదం మొత్తం ఆనించి, బాతులా నడవండి" అంది. పెదనాన్న ఆ మాటకోసమే పుట్టినట్టు బాతైపోయారు. నేను వెనకాలే, ఆయన మడమల మీదే కళ్ళు పెట్టి, "మెల్లగా... అక్కడ నీళ్ళు... కుడిపక్క పగులు..." అంటూ. ముందు నడిచే ఒక పెద్దాయన నా గొణుగుడు విని వెనక్కి తిరిగి, అంత చక్కగా ఆగకుండా సాగుతున్నది ఏం ప్రార్థనని పెదనాన్నను అడిగాడు.

మంచులో గుండ్రటి గుంట, అందులోకి నీలంగా నీళ్ళు దూకుతున్న చోటుకి వచ్చాం. పెదనాన్న చూడ్డానికి అడుగు ముందుకేశారు. "పెదనాన్నా, జాగ్రత్త!" అని కేక పెట్టి నేను ఆయన మీదకు దూకబోయాను. నా కుడికాలి ముళ్ళు నా ఎడమకాలి ప్యాంటులో చిక్కుకున్నాయి. బోర్లా పడి, తిరగబడి, కూర్చున్న భంగిమలో జారుకుంటూ పోయి ఓ చిన్న మడుగులో ఆగాను. అదృష్టం, గుంట వైపు కాదు, దానికి ఎదురు దిక్కున.

పెదనాన్న బాతు నడక తప్పకుండా వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని నా చీలమండ నొక్కి చూశారు. ముఖం వెలిగిపోతోంది (రిటైరయ్యాక దొరికిన మొదటి పేషెంటుని). "విరగలేదమ్మా, బెణికింది. బూటు విప్పకు, విప్పితే మళ్ళీ ఎక్కదు. చెయ్యి నా భుజం మీద వెయ్యి."

అలా, నేను కాపాడాల్సిన మనిషి భుజం పట్టుకుని కుంటుతూ వెనక్కి బయల్దేరాను. మిగతావాళ్ళు ముందెళ్ళిపోయారు. జడమ్మాయి మా పక్కనే నడుస్తూ రేడియోలో రైలువాళ్ళకు ఏదో చెబుతోంది. దూరంగా కూత వినిపించింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"రైలు వెళ్ళిపోతే ఎలా పెదనాన్నా?"

"వెళ్ళిపోతే రేపు వస్తుంది" అని ఆయన ఆగి, వెనక్కి తిరిగి ఆ మంచును చూస్తూ నిలబడ్డారు.

"ఇప్పుడు ఆగడమేంటండీ!"

"మొదట్లో చికాగోలో ఉండేవాళ్ళం కదమ్మా. అన్నేళ్ళూ మంచంటే పారతో ఎత్తిపోయడం, కారు మీద గీకడం, డ్యూటీకి లేటవుతుందని తిట్టుకోవడం. పనేమీ లేకుండా దాని మీద నిలబడ్డం ఇదే. ఒక్క నిమిషం ఉండనీ."

నేనూ అటు తిరిగాను. ఒంటికాలి మీద నిలబడి, ఆయన చూసినంతసేపూ ఆగాను.

రైలు మా కోసం ఆగే ఉంది. లోపల అందరూ చప్పట్లు కొట్టారు, పెదనాన్న తలవంచి అందుకున్నారు. సిగ్నల్ రాగానే పెద్దమ్మ. "ఆయన పడ్డారా?" అన్నదే మొదటి మాట. పెదనాన్న ఫోన్ లాక్కుని, "ఒకరు పడ్డారు. గట్టిగా ప్రార్థన చేశావు గానీ, నీ మొగుడి పేరు ఒక్కటే చెప్పినట్టున్నావు" అన్నారు.

పెళ్ళయి, నాకూ పిల్లలు పుట్టాక, మొన్నీమధ్య ఆ రోజు తీసిన ఫోటోలు చూద్దామని కూర్చున్నాను. ఒక్కదాంట్లోనూ కొండ లేదు, నీలం నీళ్ళు లేవు. అన్నీ పెదనాన్న బూట్లే, ముళ్ళు సరిగ్గా బిగించారో లేదో చూడ్డానికి తీసినవి. గ్లేసియర్ ఎలా ఉంటుందమ్మా అని మా అమ్మాయి అడిగితే ఏం చెప్పను? ఒంటికాలి మీద చూసిన ఆ ఒక్క నిమిషం గురించే, కాస్త సాగదీసి చెబుతుంటాను.