గోడలో గాలి

ఒమాన్ దేశం సలాలాలో వానచినుకులు మొదలైతే కొండమీద పట్టపగలే మసక. మంచు కిటికీ దాకా వచ్చి నిలబడుతుంది. తొంభైల మొదట్లో అట్లాంటి ఒక మధ్యాహ్నం మా అర్బాబు, అంటే మా యజమాని, నన్నూ భాయినీ పికప్‌లో తన కొత్త ఇంటికి తీసుకుపోయినాడు. నేను కడప మేస్త్రిని. భాయి మా పక్క ఊరి వడ్రంగి, హిందీ, అరబ్బీ రెండూ నాకంటే నయం.

పని ఏందంటే గోడలో పొయ్యి బిగించడం. వంటకు కాదు, చలి కాచుకోను. ఇనుప పెట్టె, ముందర అద్దం తలుపు, పైకి పొగగొట్టం. "గల్ఫ్‌కు పోయి చలిమంట పొయ్యి కట్టినామంటే ఊర్లో నమ్మరన్నా" అని భాయి ఒకటే నవ్వు. అర్బాబుకు నవ్వులాట కాదు. వాళ్లమ్మకు తేమ పడదు, ఆయాసం. ఈ వానలు దాటుతుందో లేదోనని ఆయన దిగులు. "సబ్ బంద్ కరో. ఏక్ భీ సురాఖ్ నై" అన్నాడు. ఒక్క సందు ఉండకూడదు.

పెట్టె గోడలో నిలబెట్టి గొట్టం తగిలించినాం. ముసలమ్మ ఆ పొయ్యి పక్కనే చాపమీద కూర్చొని ఉంది. ముందర సాంబ్రాణి. దాని పొగ పొయ్యి దిక్కుకే వంగి పోతా ఉంది. కాసేపటికి గోడ మూలిగింది. ఒట్టు! నేలకు జానెడెత్తున, "ఊఁ..." అని. ముసలమ్మ తల తిప్పకుండానే "నామ్" అనింది, పిలిస్తే "ఆఁ" అని పలికినట్టు. మళ్లీ మూలిగింది. మళ్లీ "నామ్".

"ఎవరితో మాట్లాడతాంది భాయ్?" అన్నాను. భాయి ఆమెనే అడిగినాడు. అడిగి, నవ్వడం మానేసినాడు. "సముద్రానికి పోయి తిరిగిరాని పెద్దకొడుకంటన్నా. పిలుస్తాడంట."

వంగి చూస్తే పొయ్యి పక్కన గోడకు పిడికిలంత రంధ్రం, అవతల కొసకు జాలీ. ముందు మేస్త్రి జాలీ పెట్టి మరీ వదిలినాడంటే ఊరికే వదల్లేదని నా మట్టిబుర్రకు తట్టాల. తట్టలేదు. "గాలన్నా ఇది" అన్నాడు భాయి. మా వైపు గాలి అంటే చంటిపిల్లలకు, బాలింతలకు సోకేది కూడా. ఆ ఒక్క మాటకు ఇద్దరమూ బిగుసుకుపోయినాం.

పెట్టె చుట్టూ సందుల్లో మంటకు కాలని తాడు దూర్చి, పైన నల్ల సిమెంటు తాపీతో నొక్కినాను. తలుపుకూ కిటికీలకూ భాయి రబ్బరు పట్టీలు వేసినాడు. ఆఖరున ఆ రంధ్రంలో గుడ్డ కుక్కి సిమెంటు పూసేసినాను. గోడ నోరు మూసుకునింది.

ముసలమ్మ గోడ దిక్కు చూసింది. "వలదీ?" అని పిలిచింది. నా కొడకా అని.

అర్బాబు మంట ముట్టించి కొండమీది తన ఆవులను చూసుకోను పోయినాడు. సిమెంటు ఆరేదాకా చూద్దామని మేము కూర్చున్నాం. అద్దం తలుపు తెరిచే ఉంది. మంట పసుప్పచ్చగా, బద్ధకంగా, గదిలోకి నాలుక చాస్తా ఉంది. సాంబ్రాణి పొగ ఇప్పుడు పొయ్యి దిక్కు పోవడంలేదు, మా మీదికి వస్తాంది. నా తల బరువెక్కింది. భాయి గోడకానుకొని కళ్లు మూసినాడు. ముసలమ్మ తల వాలిపోయింది. "అమ్మా!" అన్నాను. పలకలేదు.

అప్పుడు తెలిసొచ్చింది. మంటకూ మాకూ గాలి లేదు. ఓరి నాయనో, నా చేతులతో నేనే గాలి బంద్ చేసినాను! తలుపు దాకా పోదామంటే కాళ్లు లేవలేదు. చేతికందిన ఉలితో పచ్చి సిమెంటు పొడిచి పొడిచి గుడ్డ లాగేసినాను. చల్లగా మంచుగాలి ముఖాన కొట్టింది. భాయిని ఒక్క తాపు తన్నితే లేచి, పడతా లేస్తా తలుపు తెరిచినాడు.

ముసలమ్మ కదల్లేదు. ఆమె చెయ్యి పట్టుకొని కూర్చున్నాను. చంపేసినానే అనుకున్నాను.

గోడ మూలిగింది.

"నామ్" అనింది ముసలమ్మ, కళ్లు తెరవకుండానే. నాకు ఏడుపు ఆగలేదు.

అర్బాబు వచ్చి ఆ రంధ్రం ఏందన్నాడు. గాలికి, ఎప్పుడూ మూయొద్దు అని భాయి చేత చెప్పించినాను. మూసింది నేనేనని చెప్పే ధైర్యం రాలేదు. ముసలమ్మ మాత్రం సిమెంటు అంటిన నా చెయ్యి దగ్గరికి తీసుకొని ముద్దు పెట్టుకునింది, ఆమె కొడుకును నేనే తెచ్చిచ్చినట్టు.