బేరమాడని బోణీ

అనుమానం మా అమ్మ వైపు నుంచి నాకు వచ్చిన ఆస్తి. పాలవాడు నవ్వితే మా అమ్మ పాలగిన్నెలోకి తొంగిచూసేది. నేను ఆమెను మించిపోయాను. వాడు నవ్వకపోయినా చూస్తాను. విజయనగరం వచ్చిన కొత్తలో ఆ ఆస్తే నన్ను కాపాడుతోందని అనుకునేదాన్ని. కొంతవరకు అది నిజమే.

మాది శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. మా ఆయన నాకు మేనత్త కొడుకు. పెళ్లయినా బావ అనే పిలుస్తాను. మా ఊరి మగాళ్లు చాలామంది లాగే అతనూ ఏటా గుజరాత్ వెళ్లి అక్కడి బోట్ల మీద వేట చేసేవాడు. రెండు వేల పదిహేను ప్రాంతంలో ఒకసారి వల లాగే తాడులో చెయ్యి ఇరుక్కుని కుడిచేతి రెండు వేళ్లు పోగొట్టుకుని ఇంటికొచ్చాడు. ఆ కట్టు చూసిన రోజే, ఇక సముద్రం వద్దని నేను పట్టుబట్టాను. ఒకటో తరగతి చదివే పిల్లను వెంటబెట్టుకుని విజయనగరం వచ్చేశాం.

బావకు ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పని దొరికింది. ఆ జీతం ఒంటిగది అద్దెకు, కరెంటుకు, పాలకు సరిపోయేది. తిండికీ పిల్ల బడికీ నేను సంపాదించాలి. శ్రావణమాసం లోపల నాకు అలాంటి పని కుదరకపోతే తను మళ్లీ గుజరాత్ బోటెక్కుతానన్నాడు. బోటు నడిపే సరంగు అప్పటికే ఫోన్లు మొదలుపెట్టాడు.

"రెండు వేళ్లు పోతే ఏటయ్యిందిరా, ఇంకా ఎనిమిది ఉన్నాయి కదేటి" అన్నాడట.

బావ ఆ మాట నాకు చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నేను ఇంటర్ దాకా చదివాను. నా నెత్తి మీద చేపల గంప ఎక్కకూడదనే మా అమ్మ తన నెత్తి మీద గంప మోసి చదివించింది. అందుకని ముందు టౌను పనులే వెతికాను. బట్టల కొట్లో చేరితే పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడాలి. ఎవరూ కొనేవాళ్లు లేనప్పుడు స్టూలు మీద కూర్చుంటే ఓనరు ఇంట్లో కూర్చుని కెమెరాలో చూసి ఫోన్ చేసేవాడు. ఆటో చార్జీలు పోగా మిగిలేది చూసి వారానికే మానేశాను. ఒక ప్రైవేటు బడివాళ్లు చిన్నపిల్లలకు చెప్పమన్నారు గానీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ బీరువాలో పెట్టుకుంటామన్నారు. ఎందుకని అడిగితే "నమ్మకం కోసం" అన్నారు. నమ్మకం నాకు ఉండాలా, వాళ్లకు ఉండాలా? కాగితాలు తిరిగి సంచిలో పెట్టుకుని వచ్చేశాను. మా వీధిలోనే ఇంకొకడు భోగాపురంలో ఎయిర్‌పోర్టు వస్తుందని, ఇప్పుడే కొంత డబ్బు కట్టి పేరు రాయించుకుంటే లోపల ఉద్యోగం ఖాయమని తిరుగుతుండేవాడు.

"అక్కడ ఇంకా జీడితోటలే ఉన్నాయి కదన్నా, విమానం ఏ కొమ్మ మీద దిగుతాది?" అని అడిగాను. వాడు మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

మొత్తానికి వేసవిలో వేట నిషేధం ముగిశాక, నేను ఏ గంప వద్దని చదువుకున్నానో ఆ గంపే కొనుక్కున్నాను. మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "నెత్తి మీద సుట్టకుదురు మెత్తగా సేసుకో, మెడ పట్టేస్తాది" అంది.

మా పేటలో చేపలమ్మే ఆడవాళ్లు ఆరుగురు కలిసి తెల్లవారుజామున ఒక ఆటో మాట్లాడుకుని భోగాపురం వైపు ఒడ్డుకు వెళ్లేవాళ్లు. పడవలు రాగానే ఇసుక మీద చేపలు కుప్ప పోసి వేలంపాట పెడతారు. పాడుకున్న చేపతో ఎండ ఎక్కేలోగా టౌనుకు తిరిగొస్తాం. నేను ఏడో మనిషిగా ఆటోలో ఇరికాను. పాట పాడటం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు, చేపపిల్లకు ఈత నేర్పుతారా? అసలు చిక్కు టౌన్లో ఉంది.

మాలో ఒక్కొక్కరికీ వాడుక ఇళ్లుంటాయి. ఆ ఇంట్లో ఆమె తప్ప ఇంకొకరు చేప వెయ్యరు. అత్త నుంచి కోడలికీ, తల్లి నుంచి కూతురికీ వస్తాయి ఆ ఇళ్లు. దస్తావేజులు ఉండవు గానీ, హద్దు దాటితే పొలం గట్టు జరిపినంత గొడవవుతుంది. కొత్తగా వచ్చినదానికి వాడుక ఇళ్లెక్కడివి? వాటర్ ట్యాంకు పక్కన మలుపులో కూర్చుని దారిన పోయేవాళ్లకు అమ్ముకోవాలి. దారిన పోయేవాళ్లు కోడిమాంసం ధర చెప్పి చేపను బేరమాడతారు. రోజూ కొంత మిగిలిపోయేది. మిగిలినదాన్ని ఐసు పెట్టెలో పెట్టి మర్నాడు తక్కువకు ఇచ్చేసేదాన్ని.

మా ఆటోలో ఒక ముసలామె ఉండేది. అరవై దాటి ఉంటాయి. ముక్కుకు రెండు వైపులా పుడకలు, మోకాళ్లకు ఆకుపచ్చ తైలం వాసన. అందరూ ఆమెను అత్తా అనేవాళ్లు, నేనూ అన్నాను. పాటలో ఆమె గొంతు పెద్దది. నేను మొదటిరోజు పాడిన పార చేపల కుప్ప మీద నాతో పోటీకి దిగి, ధర పెంచి, చివర్లో వదిలేసింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం అనుకున్నాను.

రెండు గంటలు తిరక్కుండానే ఆమె నా గంప ముందుకొచ్చి కూర్చుంది.

"ఈ పార ఎంతకిస్తావే పిల్లా?"

కావాలనే ఎక్కువ చెప్పాను. ఆమె మొప్ప ఎత్తి చూసింది, పొట్ట నొక్కింది, అడిగినంతా ఇచ్చి చేప తన గంపలో వేసుకుని పోయింది. మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ. రోజూ నా మొదటి బేరం ఆమెదే, ఒక్క రూపాయి తగ్గించమనదు.

చేపలమ్మేది చేపలమ్మేదాని దగ్గర చేప కొనడం ఎక్కడైనా ఉందా? అదీ బేరమాడకుండా? పొద్దున్నే పాటలో తక్కువకు దొరికే సరుకు నా దగ్గర ఎక్కువకు ఎందుకు కొంటుంది? ఇంటికెళ్లి బావతో అన్నాను.

"ఒసే, డబ్బులిచ్చి సేప కొంటే కూడా తప్పేటి?" అన్నాడు.

"నీకు తెల్దు బావా. నా బోణీ ముట్టుకుని అమ్మకం కట్టేస్తన్నాది."

నవ్వడానికి బాగానే ఉంటుంది గానీ, చూడబోతే లెక్క సరిపోయేది. ఆమె బోణీ చేసిన రోజుల్లోనే నాకు సరుకు మిగులుతోంది. ఆమె బోణీ చెయ్యని రోజంటూ లేదన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. వద్దందామా అంటే, బోణీ బేరాన్ని వెనక్కి పంపకూడదు. శత్రువు వచ్చినా ఇవ్వాల్సిందే. మా అమ్మ అయినా అంతే, నేనయినా అంతే. ఆ సంగతి తెలిసే పొద్దున్నే వస్తోంది, పొమ్మనలేక పొగబెడుతోంది అనుకున్నాను. వారం పోయాక ఆమె మొప్ప ఎత్తి చూడటం కూడా మానేసింది. అడిగినంతా ఇస్తుంది, చూపిన చేప తీసుకుంటుంది. దాంతో నాకు ఖాయమైపోయింది. తినేదయితే చూడదా? ఆ చేపతో ఇంకేదో చేస్తోంది.

ఆషాఢం సగం గడిచింది. శ్రావణం వస్తే చాలా ఇళ్లలో నీచు ముట్టరు, నా అమ్మకం ఇంకా పడిపోతుంది. బావ గుజరాత్ వెళ్లే పాత సంచి దులిపి ఎండలో వేశాడు. అది దండెం మీద వేలాడుతోంది. ఆ రోజు నా కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ముసలామె మీద చూపించాను.

మర్నాడు పొద్దున ఐసు పెట్టెలోంచి ముందురోజు చేప తీశాను. ముందురోజుదేమిటి, అది అంతకుముందు రోజుది. నీళ్లు చల్లి, పైకి మెరిసేలా తుడిచి, గంపలో అన్నిటికన్నా పైన పెట్టాను. ఆమె వచ్చింది. ఎప్పటిలాగే చూడలేదు. తాజా చేప ధర చెప్పాను, ఇచ్చింది. డబ్బు కళ్లకద్దుకున్నాను. మనసులో ఎంత హాయిగా ఉందంటే, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. ఇప్పుడేం చేస్తావో చూస్తాను అనుకుని, గంప పక్కామెకు అప్పజెప్పి ఆమె వెనకే బయల్దేరాను.

ఆమె మెల్లగా నడుస్తోంది. ప్రతి అరుగు దగ్గరా ఆగి మోకాలు పట్టుకుంటోంది. రెండు వీధులు తిరిగి, గేటు ముందు మందార చెట్టున్న ఇంటి దగ్గర గంప దించింది. రిటైరైన టీచరమ్మ ఇల్లది. పెద్ద కుటుంబం, వారంలో ఐదు రోజులు చేప వండుతారని మా ఆటోలో అందరికీ తెలుసు. అలాంటి ఇల్లు ఒక్కటుంటే అద్దె సంగతి మర్చిపోవచ్చు. ఎదురుగా ఆగి ఉన్న వ్యాను పక్కన నేను నిలబడ్డాను.

"అమ్మా, నా కళ్లు పోనాయి, మోకాళ్లు పోనాయి. రేపట్నుంచి నాను రాను" అంటోంది ముసలామె. "మా పిల్ల ఒకత్తి వస్తాది. ఈ నెలంతా నీకేసిన పారలు దానివే. ఒక్కదానికైనా వంక పెట్టినావేటి?"

"లేదు, బాగున్నాయి" అంది టీచరమ్మ.

"మరేటి. దాని సేపకి మొప్ప ఎత్తక్కర్నేదు. నా కోడలు గంప ఎత్తనంది, ఫ్యాన్సీ షాపులో సేస్తన్నాది. నా ఇళ్లన్నీ ఈ పిల్లకే ఇద్దారని సూస్తన్నాను."

ఆమె గంపలోని ఆ చేప వైపు చూశాను.

ఎత్తక్కర్లేదని చెప్పినా, అలవాటు కొద్దీ టీచరమ్మ మొప్ప ఎత్తింది. మట్టిరంగులో ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని ముఖం తిప్పేసుకుంది.

"ఏమిటిది? కుళ్లిపోయిన చేప!"

ముసలామె చేప అందుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. వాసన చూసింది. నేను ఇంకా వ్యాను పక్కనే ఉన్నాను.

"ఇది ఆ పిల్లది కాదమ్మా" అంది. "నాది. మిగిల్తే పారబొయ్యలేక గంపలో ఎట్టినాను. సేతికి ఇదే తగిలినాది."

"ముప్పై ఏళ్లు నీ చేతి చేప తిన్నాం. పోతూ పోతూ ఇదా నువ్వు చేసే పని?"

"తప్పయిపోనాది. ఆ పిల్ల అలాటిది కాదు. దాన్ని రానియ్యి."

నేను ఐదడుగులు వేస్తే చాలు. అది నా చేపేనని చెబితే చాలు. కానీ చెబితే ఈ ఇల్లు పోతుంది, ఈ ఇంటితో పాటు మిగతా ఇళ్లూ పోతాయి, దండెం మీది సంచి బావ భుజానికెక్కుతుంది. అక్కడే నిలబడి ఇదంతా ఆలోచించాను. బుద్ధి పనిచేసింది, కాళ్లు పనిచెయ్యలేదు. ఆమె గంప ఎత్తుకుని అవతలి సందులోకి తిరిగేదాకా కదల్లేదు.

మర్నాడు ఆటోలో ఆమె నా పక్కన కూర్చుని, ఆ వీధి ఇళ్లు ఒక్కొక్కటీ చెప్పింది. ఎవరికి పులుసు ముక్కలు కావాలి, ఎవరికి తల వద్దు, ఎవరు మర్యాదగా మాట్లాడకపోయినా మనసులో పెట్టుకోకూడదు. అన్నీ చెప్పాక గొంతు తగ్గించింది.

"నిన్నటి సేప... పారబొయ్యలేక పెట్టినావని నాకు తెల్దేటి? మొదటేడు నానూ అమ్మినానే. ఇకమీదట ఆ ఇళ్లకి మాత్రం అలాటిది ఎయ్యకు."

ఆమె దాన్ని పేదరికం అనుకుంది. అది పేదరికం కాదని, నీ మీద కోపంతో చేశానని, నీ వెనకే వచ్చి అంతా విన్నానని చెప్పడానికి నోరు తెరిచాను. ఆటో ఒడ్డుకు చేరింది, పాట మొదలైంది. ఇళ్లకు తిరగడం మానినా ఆమె పాటకు వస్తూనే ఉంది, అలాంటి సాకులు నాకు రోజూ దొరికేవి. దసరా దగ్గరపడే సరికి ఆమె పెద్దకూతురు వచ్చి ఆమెను టెక్కలి తీసుకెళ్లిపోయింది.

శ్రావణంలో బావ బోటెక్కలేదు. ఆ ఏడే కాదు, మళ్లీ ఎప్పుడూ ఎక్కలేదు. ఆ ఇళ్లతోనే మా పిల్ల పదో తరగతి దాకా వచ్చింది. నేను పాత చేప ఇంకెప్పుడూ అమ్మలేదు. టీచరమ్మ నన్ను బాగా చూస్తుంది, పండక్కి చీర పెడుతుంది. కొత్తగా చుట్టాలెవరైనా వస్తే గేటు దగ్గరకు పిలిచి మరీ నన్ను చూపిస్తుంది.

"నీకు ముందు ఒక ముసలిది వచ్చేది. ముప్పై ఏళ్లు నమ్మించి చివర్లో కుళ్లు చేప అంటగట్టింది. ఈ రోజుల్లో ఎవరినీ నమ్మకూడదమ్మా. నువ్వు మాత్రం నిజాయితీ మనిషివి" అని వాళ్ల ముందే అంటుంది.

"రేపు చందువాలు తెస్తానమ్మా" అని గంప ఎత్తుకుంటాను.