గంప అంచున నాలుగు వేళ్ళు

ఆ రోజుల్లో నాకు అసూయ అనే గుణం లేదని గట్టి నమ్మకం ఉండేది. తోటి లెక్చరరుకు జీతం పెరిగితే మనస్ఫూర్తిగా సంతోషించేవాణ్ణి. పక్కింటివాళ్ళు కారు కొంటే చక్రాల కింద పెట్టే నిమ్మకాయలు కూడా నేనే తెచ్చిచ్చాను. అలాంటివాణ్ణి ఒక మధ్యాహ్నం తలుపు గడియ వేసుకుని, కత్తెర పట్టుకుని, నా పెళ్ళి ఫొటోలు నేనే కోసుకునే దాకా వచ్చాను. చెబితే నవ్వుతారు. నవ్వండి, నాకు ఇప్పుడు అభ్యంతరం లేదు. అప్పుడు నవ్వి ఉంటే మాత్రం మీతో మాట్లాడ్డం మానేసేవాణ్ణి.

నేను చోడవరంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. మా ఆవిడ కెనడాలో నర్సు. పెళ్ళికని నెల సెలవు మీద వచ్చి, నాతో ఇరవై రెండు రోజులు కాపురం చేసి, నన్ను కూడా అక్కడికి పిలిపించుకోవడానికి దరఖాస్తు పెడతానని చెప్పి వెళ్ళిపోయింది. దరఖాస్తు అంటే నేను ఒక ఫారం, రెండు ఫొటోలు అనుకున్నాను. వాళ్ళు అడిగిన కాగితాల జాబితా చూస్తే, పెళ్ళి చేసుకోవడం కన్నా చేసుకున్నామని నమ్మించడం కష్టమని అర్థమైంది. పుట్టిన సర్టిఫికెట్, పోలీసు సర్టిఫికెట్, పెళ్ళి రిజిస్ట్రేషను, పెళ్ళి ఫొటోలు, మేమిద్దరం మాట్లాడుకుంటున్నామని రుజువు, ఇది నిజమైన పెళ్ళేనని తెలిసినవాళ్ళు రాసిన ఉత్తరాలు. ఇందులో ఏది అడిగినా ఫోన్లో మా ఆవిడ చెప్పే సమాధానం ఒకటే: "బావనడగండి."

ఈ బావ సంగతి చెప్పాలి. మా ఆవిడ చిన్నప్పుడే తండ్రి పోతే అత్తయ్యగారు కూతుర్ని తీసుకుని కె.కోటపాడులో అన్నగారి ఇంటికి వచ్చేశారు. ఆ మేనమామ కొడుకే ఈ బావ. గోవాడ చక్కెర మిల్లులో చెరకు బళ్ళు తూచే కాటా దగ్గర పని చేస్తాడు గనక అందరూ కాటా బాబు అంటారు. ఆరడుగుల మనిషి, గుబురు మీసం, అప్పటికింకా పెళ్ళి కాలేదు. (ఈ ఆఖరి ముక్క నాకు రోజుకు నాలుగుసార్లు గుర్తొచ్చేది.) మేనరికం చేసుకుంటారని ఒకప్పుడు ఊరంతా అనుకున్నారట. వీళ్ళిద్దరూ మాత్రం అన్నాచెల్లెళ్ళలా పెరిగాం, మాకలాంటిది లేదని నవ్వేశారట. ఈ 'నవ్వేశారట' నాకు పెళ్ళయిన మూడో రోజునే ఎవరో చెప్పారు. మన వరసలు కూడా మహా చిత్రమైనవి. భార్యకు బావ అయినవాడు భర్తకు అన్నయ్య వరస. అంటే ఎవణ్ణి చూస్తే మనకు కడుపు మండుతుందో వాణ్ణే నోరారా అన్నయ్యా అని పిలవాలి. నేను పిలిచేవాణ్ణి.

మా ఆవిడ పుట్టిన సర్టిఫికెట్ నకలు కావాలన్నారు, అది కాటా బాబు బీరువాలో ఉంది. పెళ్ళి రిజిస్ట్రేషను కాగితం తీస్తే మొదటి సాక్షి సంతకం కాటా బాబుది. మేమిద్దరం మాట్లాడుకుంటున్నామని రుజువుకు మా వాట్సాప్ కబుర్లు నలభై పేజీలు అచ్చు తీయించాను. అందులో ముప్పై పేజీలు "తిన్నావా", "తిన్నాను, మీరు?", "తిన్నాను" అనే ఉన్నాయి. మిగిలిన పది పేజీలు ఏం తిన్నామో. ఆ రాత్రి కూచుని చదివితే నాకే అది హోటల్ రిజిస్టరులా కనిపించింది. అదే, ఇక్కడున్న ఆ ఇరవై రెండు రోజుల్లో కాటా బాబుతో ఆమె ఫోన్లో మాట్లాడుతుంటే పక్కనున్న నేను ఎన్నిసార్లు విన్నానో, నిమిషానికో నవ్వు.

ఇక ఉత్తరం. నిజమైన పెళ్ళేనని రాయమంటే మా ప్రిన్సిపాల్ నాలుగు వాక్యాలు రాశారు, అందులో రెండు నా క్రమశిక్షణ గురించి. కాటా బాబు రెండున్నర పేజీలు రాసి పంపాడు. మా ఆవిడకు తొమ్మిదో ఏట చెరకు బండి మీంచి పడి ఎడమ మోకాలి కింద మచ్చ పడిందని, ఉరుమంటే భయమని, పనసతొనలు తిని దాచేసి ఇంకా తినలేదంటుందని, ఏడుపొస్తే నీళ్ళు తాగుతుందని, అన్నీ రాసి, చివర్న "ఇటువంటి అమ్మాయి ఈ మనిషిని మనసారా చేసుకుంది" అని ముగించాడు. నాకు ఆ చివరి వాక్యం కనబడలేదు. మోకాలి కింద మచ్చ దగ్గరే ఆగిపోయాను. ఇరవై రెండు రోజుల కాపురంలో ఆ మచ్చ నేను చూడలేదు. నా భార్య గురించి నాకు తెలియని సంగతులు ఒక కాటా గుమస్తా అచ్చమైన ఇంగ్లీషులో కెనడా ప్రభుత్వానికి చెబుతున్నాడు. నా దరఖాస్తుకు అంత మంచి ఉత్తరం మరొకటి లేదని తెలుసు. అయినా దాన్ని ఫైల్లో అన్నిటికన్నా కింద పెట్టాను.

ఈ మంటలో ఉండగా ఫొటోల వంతు వచ్చింది. మా పెళ్ళి ఆల్బంలో నా పక్కన కూచున్న ఫొటోలన్నిటిలో మా ఆవిడ తల దించుకునే ఉంది. (పెళ్ళికూతురు తలెత్తకూడదని మా పెద్దమ్మ వెనక నుంచి పొడుస్తూనే ఉందట.) ఆమె హాయిగా, పళ్ళన్నీ కనబడేలా నవ్విన ఫొటో ఆల్బం మొత్తంలో ఒక్కటే. పెళ్ళికూతుర్ని గంపలో కూచోబెట్టి మేనమామ మండపానికి తెస్తాడు కదా, ఆ ఫొటో. మేనమామకు ఆ రోజు నడుం పట్టేసింది. ఆయన బదులు గంప ఎత్తింది కాటా బాబు. అవతలి వైపు పట్టుకున్న పెద్దమనిషి ఫొటోలోకి రాలేదు. గంపలో నా భార్య, గంప కింద ఆరడుగుల మీసం, ఇద్దరూ ఒకేసారి నవ్వుతున్నారు. ఏదో జోకు వేసుకున్నారు. నేనక్కడ తెర వెనకాల, పొద్దుటి నుంచి ఉపవాసంతో, కళ్ళు తిరుగుతూ కూచున్నాను.

కెనడావాళ్ళు ఈ ఫొటో చూస్తే ఎవరు పెళ్ళికొడుకనుకుంటారు? ఇలా నాకు నేను నచ్చజెప్పుకుని కత్తెర తీశాను. మొదట ఆ ఒక్క ఫొటోయే అనుకున్నాను. కోయడం మొదలెట్టాక చెయ్యి ఆగలేదు. అక్షింతలు వేస్తూ కాటా బాబు, అప్పగింతల్లో కాటా బాబు, భోజనాల దగ్గర వడ్డిస్తూ కాటా బాబు. తొమ్మిది ఫొటోల్లోంచి తీసేశాను. లెన్సులు, దర్పణాలు చెప్పే చెయ్యి గనక అంచులు మహా తిన్నగా వచ్చాయి. గంప ఫొటోలో మాత్రం ఒక చిక్కొచ్చింది. గంప అంచును పట్టుకున్న అతని నాలుగు వేళ్ళు కోస్తే గంప కూడా పోతుంది, గంప పోతే నా భార్య పోతుంది. సరే, వేళ్ళు ఉండనీ అని వదిలేశాను.

ఫైలు పట్టుకుని విశాఖపట్నం వెళ్ళాను. ఇలాంటి దరఖాస్తులు సర్దిపెట్టే మేడమ్ ఒకావిడ ఉండేవారు. ఆవిడ ఒక్కొక్క కాగితం చూసి తలాడిస్తూ ఫొటోల దగ్గరకొచ్చి కళ్ళజోడు సవరించుకున్నారు. గంప ఫొటోను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు.

"ఈ వేళ్ళెవరివి మాస్టారూ?"

బంధువులవని చెప్పాను. ఆవిడ మిగిలిన ఫొటోలు కూడా బల్ల మీద పరిచారు. ఒకే కొలతలో తొమ్మిది ఖాళీలు. ఒకదాంట్లో భుజం మీద చెయ్యి, ఒకదాంట్లో సగం మీసం. గొంతు తగ్గించి, నన్ను నొప్పించకూడదన్నట్టు మెల్లగా అడిగారు.

"మీ మిసెస్‌కి ముందొక పెళ్ళయిందా? ఉంటే చెప్పెయ్యండి. మొదటి భర్తని ఫొటోల్లోంచి తీసేసి తెచ్చినవాళ్ళు నాకు కొత్తేం కాదు."

ఎవణ్ణయితే నా పెళ్ళిలో లేకుండా చేద్దామనుకున్నానో వాణ్ణి చేజేతులా నా భార్యకు మొదటి మొగుణ్ణి చేశాను. కోసిన ఫొటోలు పెడితే అనుమానంతో ఫైలు తిప్పి పంపేస్తారని, ఒకసారి అలా రాసుకుంటే తర్వాత ఎంత మొత్తుకున్నా నమ్మరని, కోయనివి తెమ్మని చెప్పి మేడమ్ నన్ను పంపేశారు. తిరుగు బస్సులో అనకాపల్లి దాకా నేను తల ఎత్తలేదు. నా కుళ్ళు పుణ్యమా అని ఆమె అక్కడా నేనిక్కడా ఉండిపోతామేమోనని నిజంగా భయమేసింది. ఏడుపొస్తే నీళ్ళు తాగుతుందన్న మాట గుర్తొచ్చింది. ఈ సంగతి తెలిస్తే ఎన్ని గ్లాసులు తాగుతుందో అనుకున్నాను.

ఫొటోగ్రాఫరును అడిగితే కంప్యూటరు చెడిపోయి అన్నీ పోయాయన్నాడు. మా ఆవిడకిచ్చిన పెన్‌డ్రైవ్ కెనడాలో తెరుచుకోలేదని అంతకుముందే చెప్పింది. ఆడపెళ్ళివారి ఆల్బం ఒక్కటే మిగిలింది. అది ఎక్కడుందో మీకు చెప్పనక్కరలేదు.

మర్నాడు కె.కోటపాడు వెళ్ళాను. కాటా బాబు అరుగు మీద కూచుని ఉన్నాడు. అత్తయ్యగారు కాఫీ తేవడానికి లోపలికెళ్ళారు. మా ఆల్బంకు చెద పట్టిందన్నయ్యా, మీ ఆల్బం ఇస్తే ఫొటోలు తీయించుకుంటానని, దారిలో పదిసార్లు వల్లించుకున్న అబద్ధం అప్పజెప్పాను. అయ్యో అని, ఎంతవరకు పోయాయో చూద్దామని, నా చేతిలో ఫైలు తీసుకున్నాడు. ఇవ్వనని ఎలా అంటాను? ఒక్కొక్క ఫొటో తిరగేశాడు. గంప ఫొటో దగ్గర ఆగి తన నాలుగు వేళ్ళ వైపూ, తన చేతి వైపూ మార్చి మార్చి చూసుకున్నాడు.

"సెదలు నన్నొక్కణ్ణే తిన్నాయేటి తమ్ముడూ?"

భూమి బద్దలైతే దూరిపోదామనిపించింది. భూమి అలాంటి సమయాల్లో ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. అబద్ధం ఇక సాగదని తెలిసి, నీ మీద కుళ్ళుతో కోశానన్నయ్యా అని ఉన్నమాట చెప్పేశాను. మచ్చ సంగతి, ఫోన్లో నవ్వుల సంగతి, గంపలో మీరిద్దరూ వేసుకున్న జోకు సంగతి, అన్నీ కక్కేశాను. అతను కోప్పడలేదు. లోపలికెళ్ళి ఆల్బం తెచ్చి, గంప ఎత్తిన చోట తీసి నా ఒళ్ళో పెట్టాడు.

అదే క్షణంలో అవతలి పక్కనుంచి రెండో కెమెరాతో తీసిన ఫొటో అది. మా ఆల్బంలో లేదు. గంప, గంపలో నవ్వుతున్న నా భార్య, మోస్తున్న కాటా బాబు. వాళ్ళిద్దరూ చూస్తున్న వైపు మండపం. తెర ఒక కొస పట్టుకున్న మా పెదనాన్న ఫోనొచ్చిందని దాన్ని వదిలేసి చెవికి ఫోను పెట్టుకున్నాడు. తెర సగం కిందికి జారింది. దాని వెనక, నుదుట బాసికంతో, పూజ పళ్ళెంలోంచి తీసిన అరటిపండు మొత్తం నోట్లో కుక్కుకుని, రెండు బుగ్గలూ ఉబ్బించుకుని, ఎవరూ చూడలేదు కదా అని దొంగచూపులు చూస్తున్న పెళ్ళికొడుకు. నేనే.

ఎవరూ చూడలేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

"పైనుంచి అదే ముందు సూసింది. బావా సూడు, పెళ్ళికొడుకు అరటిపండు తినేస్తన్నాడు అన్నాది. గంప ఊగిపోయి నేను పడిపోబోయేను" అన్నాడు కాటా బాబు. ఉపవాసం ఉండాల్సినవాడు పూజలో పండు తిన్నాడని తెలిస్తే పెద్దవాళ్ళలో నా పరువు పోతుందని, ఈ ఫొటో మగపెళ్ళివారి ఆల్బంలో పెట్టొద్దని ఫొటోగ్రాఫరుకు చెప్పింది కూడా అతనేనట. నేను కత్తెరతో అతన్ని కోసేశాను, అతను నన్ను కాపాడటానికి ఫొటో దాచాడు. అత్తయ్యగారు ఇచ్చి వెళ్ళిన కాఫీ గ్లాసు ముందు అతనికి అందించాను. అతను మీసం దువ్వుకుని, ఫొటో వైపు చూస్తూ మళ్ళీ అన్నాడు.

"సెప్పకూడదు గాని తమ్ముడూ, ఆ రోజు నాకూ కొంచెం కుళ్ళొచ్చింది. ఆళ్ళ నాన్న పోయినకాణ్ణించీ ఆ గుంటని నవ్వించడానికి నేను ఎయ్యని ఏషం నేదు. నువ్వేటో ఒక్క అరటిపండు తినీసి నవ్వించీసేవు. అంత నవ్వు నేనెప్పుడూ సూడనేదు."

ఫైల్లో ఆ ఫొటోను అన్నిటికన్నా పైన పెట్టాను, కాటా బాబు ఉత్తరాన్ని దాని వెనకే పెట్టాను. మేడమ్ ఫొటో చూసి చాలాసేపు నవ్వి, ఇది చాలు మాస్టారూ, ఇలాంటి పెళ్ళిని ఎవరూ దొంగ పెళ్ళి అనుకోరన్నారు. కొన్ని నెలలకు వీసా వచ్చింది. నన్ను విమానం ఎక్కించడానికి వచ్చింది కాటా బాబే. నా పెట్టెలన్నీ చేత్తో ఎత్తి చూసి బరువు చెప్పాడు, అక్కడి మెషీనులో కూడా అంతే వచ్చింది.

ఆ మరుసటి ఏడే అతనికి పెళ్ళయింది. ఇప్పుడు ఇద్దరు పిల్లలు. నాలుగు వేళ్ళ ఫొటో ఇంకా నా దగ్గరే, పాత పాస్‌పోర్టు అట్టలో ఉంది. మా ఆవిడకు చూపించి జరిగిందంతా చెప్పడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. విని, వంటింట్లోకి వెళ్ళి ఒక గ్లాసు నీళ్ళు తాగి వచ్చింది. ఆ తర్వాత, ఈ ఆరేళ్ళలో నేను చూసిందే అయినా, మోకాలి కింద మచ్చ తనే చూపించింది.

మనిషి అంత తేలిగ్గా మారడని అంటారు, నిజమే. ఇప్పటికీ ప్రతి ఆదివారం పొద్దున్న ఆమె బావతో ఫోన్లో మాట్లాడుతూ పడీపడీ నవ్వుతుంటే నాకు లోపలెక్కడో చురుక్కుమంటుంది. జుట్టు నెరిసిన మనిషిని, ఇప్పుడు కత్తెర పట్టుకుంటే బాగుండదు. వంటింట్లోకి వెళ్ళి ఒక అరటిపండు ఒలుచుకుని, వచ్చి ఆమెకు ఎదురుగా కూచుని, మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకుంటాను.