మాటకో ‘ఏటి’ రాసిన రోజు

కిందటి ఏడాది, అరకులో కాఫీ పళ్లు కోసే రోజులు. ఇంగ్లిష్ కార్యక్రమాలకు తెలుగు మాటలు రాసే డబ్బింగ్ రచయిత్రిని నేను. పదేళ్లు హైదరాబాద్ స్టూడియోల చుట్టూ తిరిగి, ఇక్కడ ఇంటర్నెట్ నిలకడగా రావడం మొదలయ్యాక సొంతూరికి వచ్చేశాను. అప్పుడు చేతికొచ్చింది ఒక బ్రిటిష్ టీవీ కామెడీ. అన్నీ స్కెచ్‌లే, అంటే మూడు నాలుగు నిమిషాల హాస్య ఘట్టాలు.

వాళ్ల స్కెచ్‌లలో స్కాట్లాండ్ వాడొస్తే పిసినారి, ఇంగ్లండ్ ఉత్తరాది రైతొస్తే మొద్దు. మన హాస్యంలో పనివాడి పాత్ర రాగానే మా ఉత్తరాంధ్ర యాస అంటగట్టరూ, అదే తంతు. పని ఖాయం చేసే ముందు పరీక్షగా రాయమని నాకిచ్చిన నమూనా స్కెచ్‌లో లండన్ ఆఫీసరొకడు ఉత్తరాది రైతు దగ్గరికొచ్చి, బడికెళ్లని పసివాడికి చెప్పినట్టు గట్టిగా, ఒక్కో అక్షరం సాగదీసి ప్రశ్నలడుగుతాడు. చివర్లో రైతు ఒకే మాటంటాడు, అందరూ పడి పడి నవ్వుతారు. ఆ మాట వాళ్ల యాసలో శ్లేష. ఎంత గుంజినా తెలుగులోకి రాదు.

“అంత ఆలోచనెందుకండీ? రైతుకి మీ ఉత్తరాంధ్ర యాస పెట్టేయండి. నాలుగు ఏటిలు, రెండు బేగిలు పడితే జనం వాళ్లే నవ్వుతారు,” అన్నాడు హైదరాబాద్ నుంచి ఫోన్లో డబ్బింగ్ డైరెక్టరు. మా యాసలో ఏటి అంటే ఏమిటి, బేగి అంటే త్వరగా. సాయంత్రానికి నమూనా నచ్చకపోతే సిరీస్ మొత్తం ఇంకో రచయితకు పోతుంది. నాకది ఆరు నెలల పని. సిగ్గు విడిచి చెబుతున్నా, హైదరాబాద్‌లో పనివాళ్ల పాత్రలకు రాసినట్టే మాటకో ఏటి రాసేశాను. పైగా గైడ్ ట్రాక్, అంటే నటుడికి దారి చూపడానికి ముందుగా చదివిచ్చే గొంతు, నేనే అరిచి రికార్డు చేశాను.

దాన్ని బొమ్మకు జతచేసి, అరుగు మీద లాప్‌టాప్‌లో ఆడించి చూస్తుంటే పక్కింటి సన్యాసమ్మ పిన్ని తొంగి చూసింది. వాకిట్లో పట్టా మీద కాఫీ గింజలు తిరగేస్తోంది.

“ఒలే గుంటా, ఆ తెల్లోడికి జొరమొచ్చిందేటే, అలగ అరుత్తన్నాడు?”

“మన యాసే కదా పిన్నీ!”

“మనదా? మాటకో ఏటి ఎవులంతారే? సాల్లే, నవ్విపోతారు.”

నా ముఖం మాడిపోయింది. ఇంతలో డైరెక్టరు వీడియో కాల్. నా వెనక పిన్ని కనబడగానే ఆయన గొంతే మారిపోయింది, ఒక్కో అక్షరం గట్టిగా సాగింది.

“అ...మ్మా! బా...గు...న్నా...రా? కా...ఫీ తో...ట మీ...దే...నా?”

పిన్ని చెయ్యి ఆపి, ఎంతో జాలిగా, మెల్లగా అంది: “మాదే బాబూ. పాపం, తమరికి సెవుడు ఎన్నాళ్ల బట్టి?”

అయిపోయింది, సిరీస్ పోయింది అనుకున్నాను. కానీ అవతల ఆయన ఒకటే నవ్వు, కళ్లజోడు తీసి తుడుచుకునేంత నవ్వు.

“బుద్ధొచ్చిందండీ నాకు! రైతు చివరి మాట అదే. అచ్చం అలాగే, మెల్లగా అనిపించండి!”

లిప్ సింక్, అంటే పెదవుల కదలికకు మాట అతకడం, దేవుడిచ్చినట్టు కుదిరింది. రైతు నోట్లో పొగ పైపుంది మరి, పెదవులు పెద్దగా కదలవు. ఏటిలన్నీ కొట్టేసి రెండే ఉంచాను. నమూనా పాసైంది, సిరీస్ నాకే దక్కింది.

ఇన్నేళ్లూ నా సొంత యాసనే పచ్చడి చేసి అమ్ముకున్నానన్న మాట! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అప్పట్నుంచి ఏ ప్రాంతం మనిషికి మాటలు రాసినా, ఆ ఊరివాళ్లెవరైనా ఒకరు విని ఔనన్నాకే పంపుతున్నాను.

తయారైన స్కెచ్‌ను ముందు పిన్నికే చూపించాను. తెల్ల రైతు ఆ మాట అనగానే నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు. లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, వాడి ముఖంలోకి పరీక్షగా చూసింది.

“ఈడు ఏ ఊరోడే గుంటా? మనోడిలాగున్నాడు!”