చుట్టల డబ్బాలో మాత్రలు

మా మావయ్యకి ఒంటిమీద పొక్కులు లేచిన దగ్గర్నుంచీ నాకు ఆసుపత్రి బెంచీలే ఇల్లయ్యాయి. ఆయన కొడుకు, అంటే మా ఆయన, బస్సు డ్రైవరు. సెలవు దొరకదు. నరసన్నపేట దగ్గరున్న మా ఊరి నుంచి మావయ్యని శ్రీకాకుళం తిప్పే పని నా నెత్తిన పడింది.

ముందు పొట్టమీద, తర్వాత తొడలమీద, నీళ్లు నిండిన పొక్కులు. దురదకి చేయి ఊరుకునేది కాదు. "సర్పి కదేటి అది, ఆస్పత్రెందుకు?" అంటూ పక్కింటి ముసలమ్మ జేగురుమన్ను కలిపి, పాకకుండా పొక్కుల చుట్టూ ఎర్రగా గీతలు గీసింది. నేను అడ్డు చెప్పలేదు. చెప్పినా వినేదెవరు? వారం తిరక్కుండా పొక్కులు ఆ గీతలు దాటి వీపుకెక్కాయి.

శ్రీకాకుళంలో చర్మం డాక్టరమ్మ చిన్న ముక్క కోసి పరీక్షకి పంపింది. ఫలితం వచ్చాక తేలింది, అరుదైన జబ్బట. ఒళ్లు తన చర్మం మీదే పగబట్టి పొక్కులు పుట్టిస్తుందట. ముదిరితే ప్రాణానికే ముప్పని నన్ను పక్కకి పిలిచి చెప్పింది. ఒక్కోసారి వాడే మందుల వల్ల కూడా రావచ్చంటూ, ఈ మధ్య కొత్తగా ఏం మాత్రలు వేసుకుంటున్నారని ఆయన్ని అడిగింది.

"బీపీ మాత్రొకటే తల్లీ. ఇంకేటీ నేదు," అన్నారు మావయ్య, నావైపు చూడకుండా.

అబద్ధం. ప్రొస్టేట్ వాచి ఒంటేలు సరిగా రానివాళ్లకి ఇచ్చే మాత్రలు ఆయన చుట్టల డబ్బాలో అడుగున ఉండేవి. ఆ డబ్బా తుడిచేది నేనే. మా ఇళ్లలో కోడలి ముందు మావగారు ఒంటేలు మాటెత్తరు. పెరట్లో మరుగుదొడ్డి కట్టి పదేళ్లయినా "గట్టు కాడికెల్లొస్తాను" అనే అంటారు. మధ్యాహ్నంలోగా పదిసార్లు గట్టుకెళ్లే మనిషి బాధేమిటో నాకు తెలీదా! ఒకసారి ఒక్కరే నరసన్నపేట వెళ్లి ఆ మాత్రలు తెచ్చుకున్నాక గట్టు ప్రయాణాలు తగ్గాయి. పొక్కులు లేచింది ఆ తర్వాతే.

ఆయన సంగతి సరే, నేనెందుకు చెప్పలేదు? ఆయన పారేసిన ఖాళీ మాత్రల అట్ట నా చేతిసంచిలోనే ఉంది. డాక్టరమ్మ అడిగిన రోజు తీయబోయి ఆగాను. తర్వాత వెళ్లినప్పుడూ అంతే. మావగారి ఎదుట కుర్చీలో కూడా కూర్చోనిదాన్ని, పరాయి మనిషి ముందు ఆయన పరువెలా తీస్తానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మర్యాదేం కాదు, పిరికితనం.

ఆ తర్వాతిసారికి పొక్కులు పగిలి చొక్కా వీపుకి అంటుకుపోయింది. డాక్టరమ్మ ముందు విప్పుతుంటే చర్మం కూడా లేచివచ్చింది. "అమ్మా!" అని అరిచారు. ఇక నాకు సిగ్గుపడే ఓపిక కూడా మిగల్లేదు. అట్ట తీసి బల్లమీద పెట్టాను.

"ఇవి కూడా వేసుకుంటున్నారండీ. ఒంటేలు కోసం."

మావయ్య తల దించుకున్నారు. డాక్టరమ్మ అట్ట తిప్పి చూసింది. "దీనివల్లే అని చెప్పలేను. అలా జరగడం చాలా అరుదు. కాదని కూడా అనలేను. ఆపి చూద్దాం," అంది. పొక్కులకి మందు మార్చి రాసిచ్చి, దీని బదులు వేరే మాత్ర కోసం ఇంకో డాక్టరు దగ్గరికి పంపింది.

తిరుగు బస్సులో ఆయన అడిగారు.

"నీకెప్పట్నుంచి తెలుసమ్మా?"

"మొదట్నుంచీ తెలుసు మావయ్యా."

"మరి సెప్పవేటి?"

"మీరూ సెప్పనేదు కదా."



పొక్కులు మెల్లగా ఎండాయి. మాత్ర ఆపినందుకో, కొత్త మందుకో, డాక్టరమ్మకీ తెలీదు. వీపంతా నల్లటి మచ్చలు. వాటిని చూసినప్పుడల్లా సంచిలో మోసిన ఆ అట్టే గుర్తొచ్చి నామీద నాకే ఒళ్లు మండుతుంది.

మొన్న మళ్లీ వెళ్లాం. "యూరిన్ ఎలా వస్తోందండీ?" అని డాక్టరమ్మ అడిగింది.  మావయ్య తన పక్కనున్న కుర్చీ నావైపు జరిపారు.

"కూకో అమ్మా. నువ్వే సెప్పు," అన్నారు.